గౌట్: కాగితం మీది అంకెకు మందు, కాలి నొప్పికి బిళ్ల

ప్రపంచంలో 2020 నాటికి గౌట్‌తో బతుకుతున్నవారు దాదాపు 5.58 కోట్ల మంది. 2050 నాటికి ఈ సంఖ్య 9.58 కోట్లకు చేరవచ్చని లాన్సెట్ రుమటాలజీ పత్రిక 2024లో ప్రచురించిన అంతర్జాతీయ అంచనా చెబుతోంది. జనాభా పెరగడం, మనుషుల ఆయుష్షు పెరగడం ఇందుకు ప్రధాన కారణాలు. వాటికి తోడు బొజ్జ, బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఎక్కడ పెరిగితే అక్కడికి గౌట్ కూడా వెంట వస్తుంది. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, పెద్దవాళ్లలో మూడో వంతుకు పైగా రక్తపోటు ఉందని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో లెక్కగట్టింది. అలాంటి దేశంలో గౌట్ రాజుల జబ్బుగానో, విందులు చేసుకునేవాళ్ల జబ్బుగానో మిగిలి ఉండే అవకాశం లేదు.

అయితే ఇక్కడ ఈ జబ్బుకు వైద్యం జరుగుతున్న తీరు తలకిందులుగా ఉంది. ఆఫీసు హెల్త్ చెకప్ ప్యాకేజీలో యూరిక్ యాసిడ్ 7.4 అని ముదురు అక్షరాల్లో వస్తే చాలు, ఏ కీలూ నొప్పి పుట్టని మనిషికి ఫెబుక్సోస్టాట్ మాత్ర మొదలైపోతుంది. ఏడాదికి నాలుగుసార్లు కాలి బొటనవేలు వాచి మంచం పట్టే మనిషికి మాత్రం మెడికల్ షాపు నుంచి మూడు రోజులకు సరిపడా నొప్పి బిళ్లలు అందుతాయి. మొదటి మనిషికి చాలా సందర్భాల్లో ఆ మందు అక్కర్లేదు. రెండో మనిషికి పదేళ్లు గడిచినా కావలసిన మందు అందదు. గౌట్ వల్ల కాలక్రమంలో వచ్చే నష్టాల్లో పెద్ద భాగం ఈ రెండో మనిషి దగ్గరే జరుగుతోంది.

ఒంట్లో జరిగేది

యూరిక్ యాసిడ్ బయటి నుంచి వచ్చే విషం కాదు. కణాల్లోని ప్యూరిన్లు విరిగినప్పుడు శరీరంలోనే తయారయ్యే వ్యర్థం. చాలా జంతువుల్లో యూరికేజ్ అనే ఎంజైమ్ దాన్ని తేలిగ్గా కరిగే పదార్థంగా మార్చేస్తుంది. మనిషికి ఆ సౌకర్యం లేదు. పరిణామక్రమంలో ఎప్పుడో ఆ జన్యువు పనిచేయడం మానేసింది. దాంతో యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపే పనిలో సుమారు మూడింట రెండు వంతులు కిడ్నీల మీద, మిగతాది పేగుల మీద పడింది. గౌట్ ఉన్నవారిలో అత్యధికులకు సమస్య అది ఎక్కువగా తయారవడం కాదు, కిడ్నీలు తక్కువగా పంపడం.

రక్తంలో డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది పూర్తిగా కరిగి ఉండలేదు. సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలుగా మారి కీళ్లలో, కీళ్ల చుట్టూ పేరుకుంటుంది. అంకె ఎక్కువున్న ప్రతి ఒక్కరికీ ఇలా జరగదు. చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. స్ఫటికాలు పేరుకున్న కొందరిలో ఏదో ఒక రాత్రి రోగనిరోధక కణాలు వాటి మీద విరుచుకుపడతాయి. అదే అటాక్. తెల్లవారేసరికి బొటనవేలు మొదలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా భరించలేనంత నొప్పి ఉంటుంది. వారం పది రోజుల్లో అది దానంతటదే తగ్గిపోతుంది. మోసం అక్కడే ఉంది. నొప్పి పోయింది కాబట్టి జబ్బు పోయిందనుకుంటారు. స్ఫటికాలు మాత్రం అక్కడే ఉంటాయి.

మొదటి అటాక్‌కూ రెండోదానికీ మధ్య ఏడాది గడవచ్చు. తర్వాత ఆ ఎడం తగ్గుతుంది. బొటనవేలి నుంచి పాదానికి, చీలమండకు, మోకాలికి, మణికట్టుకు పాకుతుంది. వైద్యం లేకుండా ఏళ్లు గడిచేకొద్దీ మోచేతి మీద, వేళ్ల కణుపుల మీద, చెవి అంచున, మడమ వెనక నరం మీద గట్టి గడ్డలు లేస్తాయి. వీటినే టోఫై అంటారు. కొన్ని చిట్లి తడిసిన సుద్దలాంటి తెల్లటి పదార్థం కారుతుంది. ఆ పుండు నెలల తరబడి మానదు. లోపల ఎముక కొరుక్కుపోతుంది. ఇక అక్కడి నుంచి నొప్పి వచ్చి పోయేది కాదు, ఉండిపోయేది.

ఈ దశలో బతుకు ఎలా ఉంటుందో వైద్య పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. చెప్పు పట్టదు. నేల మీద కూర్చుని లేవడం కుదరదు. ఆటో నడిపేవారు బ్రేకు మీద కాలు మోపలేరు. మేస్త్రీ పనిలో మడమల మీద కూర్చోవడం తప్పదు, అదే చేతకాదు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి కూడా ఇంకొకరి సాయం కావాలి. అటాక్ ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి రోజుకూలీ ముందే పని ఒప్పుకోవడానికి జంకుతాడు. పెళ్లికి, ప్రయాణానికి వెళ్లే ముందు నొప్పి బిళ్లల పట్టీ జేబులో ఉందో లేదో తడుముకోవడం అలవాటైపోతుంది. గౌట్ మగవాళ్లలో చాలావరకు ముప్పై, నలభై, యాభైల్లో మొదలవుతుంది. అంటే ఇంటి సంపాదన ఎక్కువగా ఉండవలసిన వయసులో. ఆడవాళ్లలో సాధారణంగా బహిష్టులు ఆగిపోయిన తర్వాత వస్తుంది. వాళ్ల వేళ్ల కణుపుల వాపును వయసుతో వచ్చే కీళ్ల అరుగుదల కింద జమకట్టేయడం మామూలే.

కీళ్లతో కథ ఆగదు. యూరిక్ యాసిడ్ రాళ్లు కిడ్నీల్లో ఏర్పడతాయి. ఇవి మామూలు ఎక్స్‌రేలో కనిపించవు కాబట్టి రాయి లేదని పంపేసిన సందర్భాలుంటాయి. గౌట్ ఉన్నవారిలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో గౌట్ కూడా ఎక్కువ. ఏది దేనికి కారణం అన్న చర్చ ఇంకా తెగలేదు. గుండె విషయంలో 2022లో జామా పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం ఒకటి గమనించదగినది. అరవై వేలకు పైగా గౌట్ రోగుల రికార్డులు చూస్తే, గుండెపోటో పక్షవాతమో వచ్చినవారిలో అంతకుముందు 60 రోజుల్లో గౌట్ అటాక్ వచ్చి ఉండే అవకాశం, అవి రాని గౌట్ రోగులతో పోలిస్తే సుమారు రెట్టింపు కనిపించింది. బొటనవేలి వాపు బొటనవేలికే పరిమితమైన వ్యవహారం కాదన్నమాట.

నొప్పి బిళ్లల దారి

డైక్లోఫెనాక్ మన దేశంలో షెడ్యూల్ హెచ్ మందు. చీటీ లేకుండా అమ్మకూడదు. ఆచరణలో అది ఆంధ్రలో బిళ్లగా, తెలంగాణలో గోలీగా, పేరు చెప్పి అడిగితే చాలు, ఏ షాపులోనైనా దొరుకుతుంది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే డైక్లో సూదికి డెక్సా సూది తోడవుతుంది. గంటలో నొప్పి తగ్గుతుంది. అటాక్ వచ్చినప్పుడు కొద్దిరోజులు నొప్పి నివారణ మందో, స్టెరాయిడో వాడటం సరైన వైద్యమే. దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. ఏడాదికి ఆరేడుసార్లు, పదేళ్లపాటు, కిడ్నీల పరీక్ష ఒక్కసారీ లేకుండా అదే వాడటం వేరే సంగతి.

ఈ మందులు కిడ్నీలకు రక్తప్రసారం తగ్గిస్తాయి. బీపీ పెంచుతాయి. కడుపులో పుండ్లు పుట్టిస్తాయి. గౌట్ రోగికి సాధారణంగా బీపీ, షుగర్, ఎంతో కొంత కిడ్నీ బలహీనత ముందే ఉంటాయి. యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపవలసిన కిడ్నీ, దాని నొప్పికి వేసుకున్న మందుతోనే దెబ్బతింటే తర్వాతి అటాక్ ఇంకా త్వరగా వస్తుంది. స్టెరాయిడ్ల దారి ఇంకొకటి. షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించుకుంటుంది. కీళ్ల నొప్పులకు రామబాణమని అమ్మే కొన్ని పొడుల్లో స్టెరాయిడ్లు కలిపిన సంగతి దేశంలో ప్రయోగశాల పరీక్షల్లో పలుమార్లు బయటపడింది. ఆ పొడి మానేసిన వారంలో మనిషి కూలబడిపోవడం చూసి పొడి మహత్యం ఎంత గొప్పదో అనుకుంటారు కూడా.

దక్షిణాసియాకు ఈ విషయంలో ఒక విచిత్రమైన అనుభవం ఉంది. 1990ల నుంచి భారత్, పాకిస్తాన్, నేపాల్‌లలో రాబందులు లక్షల సంఖ్యలో చనిపోయాయి. చనిపోయిన పక్షులను కోసి చూస్తే గుండె, కాలేయం, కిడ్నీల మీద తెల్లటి యూరిక్ యాసిడ్ పూత. పశువైద్యంలో గౌట్ అనే పిలిచే స్థితి అది. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలు విఫలమయ్యాయని 2004లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. 2006లో మూడు దేశాలూ పశువులకు ఆ మందును నిషేధించాయి. మనుషులకు వాడే పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో భారత ప్రభుత్వం సూది మందు సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించింది. అసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌ల పశువైద్య వాడకాన్ని 2023లో ఆపింది. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, ఆ పోలిక అక్కడితో సరి. అయినా పక్షుల కోసం మూడుసార్లు కదిలిన యంత్రాంగం, మనుషుల షాపులో చీటీ అడిగే నిబంధనను మాత్రం అమలు చేయించలేకపోయింది.

కావలసిన మందు కొత్తది కాదు

స్ఫటికాలను కరిగించే మందు ఆరు దశాబ్దాలుగా ఉంది. అల్లోప్యూరినాల్‌ను గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ బృందం రూపొందించింది. గౌట్‌కు అమెరికా దాన్ని 1966లో అనుమతించింది. వాళ్లిద్దరికీ 1988లో జేమ్స్ బ్లాక్‌తో కలిపి నోబెల్ వచ్చింది. మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో అల్లోప్యూరినాల్, కాల్చిసిన్ రెండూ ఉన్నాయి. మాత్ర ధర కొద్ది రూపాయలే. కాల్చిసిన్ అయితే మన పొరుగు నేలలోనే పండుతుంది. మనం అడవినాభి అని పిలిచే మొక్క గింజల నుంచి ఆ పదార్థం తీస్తారు. తమిళనాడు రైతులు దాన్ని వాణిజ్య పంటగా సాగు చేస్తారు.

మరి మందు ఉండీ ఎందుకు పనిచేయడం లేదు? వాడే తీరులో మూడు చోట్ల తేడా వస్తుంది. అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన తొలి నెలల్లో స్ఫటికాలు కదిలి అటాక్‌లు పెరగవచ్చు. అందుకే మూడు నుంచి ఆరు నెలలు తక్కువ మోతాదులో కాల్చిసిన్ వంటిది తోడుగా ఇస్తారు. ఈ మాట రోగికి చెప్పకపోతే అతను రెండో వారంలోనే మందు పడలేదని మానేస్తాడు. చెప్పడానికి రద్దీ ఓపీలో రెండు నిమిషాలు దొరకవు.

రెండోది మోతాదు. 100 మిల్లీగ్రాములతోనో అంతకంటే తక్కువతోనో మొదలుపెట్టి, రక్తపరీక్ష చూస్తూ యూరిక్ యాసిడ్ 6 కిందికి వచ్చేదాకా పెంచుతూ పోవాలి. గడ్డలున్నవారికి 5 కిందికి తేవాలని యూరప్ మార్గదర్శకాలు చెబుతాయి. కిడ్నీ బలహీనంగా ఉన్నా తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచవచ్చని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2020లో స్పష్టం చేసింది. కానీ చాలామంది మొదట రాసిన 100 దగ్గరే ఏళ్ల తరబడి ఉండిపోతారు. అంకె 8 నుంచి 7కు దిగుతుంది. స్ఫటికం కరగదు.

మూడోది మానేయడం. రిపోర్టు నార్మల్ వచ్చింది, నొప్పి లేదు, ఇంకెందుకని ఆపేస్తారు. బీపీ మాత్రతో బీపీ తగ్గితే మాత్ర ఆపకూడదన్న సంగతి మన జనానికి ముప్పై ఏళ్లు పట్టి ఇప్పుడిప్పుడే ఎక్కుతోంది. గౌట్ విషయంలో ఆ ప్రచారమే మొదలవలేదు.

అల్లోప్యూరినాల్‌కు భయపడవలసిన గుణం ఒకటి నిజంగానే ఉంది. అరుదుగా కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, చర్మం ఊడటం, కాలేయం, కిడ్నీలు దెబ్బతినడం జరిగి ప్రాణం మీదికి వస్తుంది. చైనా, కొరియా, థాయిలాండ్ మూలాలున్నవారిలో హెచ్ఎల్ఏ-బి 5801 అనే జన్యు రకం వల్ల ముప్పు ఎక్కువ కాబట్టి అక్కడ ముందే పరీక్ష చేయమంటారు. మిగతా చోట్ల తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం, దద్దురు కనిపించిన రోజే మందు ఆపి వైద్యుని దగ్గరికి వెళ్లమని చెప్పడం రక్షణ. ఈ భయంతోనే మన దగ్గర చాలామంది వైద్యులు నేరుగా ఫెబుక్సోస్టాట్ రాస్తారు. దానికీ చరిత్ర ఉంది. 2018లో కేర్స్ అనే అధ్యయనంలో గుండె జబ్బు మరణాలు అల్లోప్యూరినాల్‌తో పోలిస్తే ఎక్కువ కనిపించడంతో 2019లో అమెరికా ఔషధ సంస్థ డబ్బా మీద హెచ్చరిక వేయించింది. 2020లో వచ్చిన ఫాస్ట్ అధ్యయనం ఆ తేడాను చూడలేదు. అవసరమైనవారికి అది మంచి మందే. కానీ ఏ జబ్బూ లేని మనిషికి రిపోర్టు చూసి రాయడానికి అది సాకు కాదు.

అంకె ఎక్కువుండి గౌట్ లేనివారికి మందు ఇస్తే కిడ్నీ, గుండె నిలబడతాయన్న ఆశ కూడా పరీక్షకు నిలవలేదు. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన పెర్ల్, సీకేడీ-ఫిక్స్ అధ్యయనాల్లో అల్లోప్యూరినాల్ కిడ్నీ క్షీణతను నెమ్మదింపజేయలేదు. గుండె జబ్బున్నవారి మీద చేసిన ఆల్-హార్ట్ 2022లో అదే మాట చెప్పింది. అందరూ ఏకాభిప్రాయంలో ఉన్నారని కాదు. గౌట్ ఉన్నవారిలో సైతం అంకెను వెంటాడనక్కర్లేదు, అటాక్‌లు తగ్గితే చాలు అన్న వైఖరి అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ తీసుకుంది, రుమటాలజిస్టులు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. తరచూ అటాక్‌లు వచ్చేవారికీ, గడ్డలు లేచినవారికీ యూరిక్ యాసిడ్ తగ్గించే మందు ఇవ్వాలన్న చోట మాత్రం వివాదం పెద్దగా లేదు. మన దగ్గర జారిపోతున్నది ఆ వివాదం లేని భాగమే.

పప్పు మీద నింద

గౌట్ అనగానే ఇంట్లో మొదట ఆగేది కందిపప్పు, తర్వాత టమాటా, పాలకూర. వంటింటి సలహాలకు తోడు కొందరు వైద్యులు కూడా ఇదే జాబితా ఇస్తారు. 47 వేల మంది మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2004లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో మాంసం, చేపలు, రొయ్యల వంటివి గౌట్ ముప్పు పెంచాయి. ప్యూరిన్లు ఎక్కువున్న కూరగాయలు పెంచలేదు. పాల ఉత్పత్తులు తగ్గించాయి. బీరు బాగా పెంచుతుంది, తీపి కూల్‌డ్రింకులూ పెంచుతాయి. పాయా, కార్జం, నెత్తళ్లు తగ్గించుకోమనడం సబబే. మజ్జిగన్నం, పప్పు మాన్పించడంలో అర్థం లేదు. షుగర్ కూడా ఉన్న శాకాహారికి పప్పు ఆపితే ప్రొటీన్‌కు దిక్కేది?

అసలు ఆహారం పాత్ర అనుకున్నదానికంటే చిన్నది. 2018లో బీఎంజేలో వచ్చిన విశ్లేషణ, మనిషికీ మనిషికీ మధ్య యూరిక్ యాసిడ్ తేడాల్లో నాలుగో వంతు దాకా సాధారణ జన్యు భేదాలతో వివరించగలిగింది. ఏ ఒక్క ఆహార పదార్థం వాటా కూడా ఒక శాతానికి చేరలేదు. నోటిని అదుపులో పెట్టుకోలేదు కాబట్టి వచ్చింది అన్న నింద రోగిని మందుల దగ్గరికి రాకుండా చేస్తుంది. తాను తినడం తగ్గిస్తే సరిపోతుందని అతనూ అనుకుంటాడు. ఆరు నెలలు కూర ముట్టకుండా ఉండి అటాక్ మళ్లీ వచ్చినప్పుడు తననే తిట్టుకుంటాడు. ఇదే సమయంలో అతను రోజూ వేసుకునే బీపీ మాత్రలో కలిసి ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ లేదా క్లోర్‌థాలిడోన్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతున్న సంగతి ఎవరూ చూడరు. దాన్ని సొంతంగా మానకూడదు. కానీ వైద్యుడు బీపీకి లోసార్టాన్ లాంటి మందు ఎంచుకుంటే యూరిక్ యాసిడ్ కూడా కొంత తగ్గుతుంది.

పథకాల్లో లేని పేరు

జీవనశైలి జబ్బుల జాతీయ కార్యక్రమంలో బీపీ, షుగర్, క్యాన్సర్లు, పక్షవాతం ఉన్నాయి. తర్వాత దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, కొవ్వు కాలేయం చేరాయి. గౌట్ లేదు. దీర్ఘకాలిక నొప్పి మందుల వాడకాన్ని లెక్కించే గడి కూడా లేదు. 2016లో ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకాలు డయాలసిస్ ఖర్చు భరిస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను ఇస్తోంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం తేలకపోయినా, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. ఇవన్నీ అవసరమే, వీటిలో ఒక్కటీ తగ్గించదగింది కాదు. కానీ కిడ్నీ పాడైన తర్వాత ఇంత ఖర్చు చేసే ప్రభుత్వానికి, పాడుచేసే అలవాట్లలో ఒకటైన నొప్పి బిళ్లల మీద, వాటిని మింగించే జబ్బుల్లో ఒకటైన గౌట్ మీద చూపు లేకపోవడం లెక్క ప్రకారం చూసినా నష్టమే.

నిపుణులు లేరన్నది వెంటనే వచ్చే జవాబు. నిజమే, రుమటాలజిస్టులు పెద్ద నగరాలు దాటితే దొరకరు. హైదరాబాద్ నిమ్స్‌లాంటి చోట ఆ విభాగం ఉంది, శ్రీకాకుళం పల్లె నుంచో ఆదిలాబాద్ గూడెం నుంచో అక్కడికి మూడు నెలలకోసారి రావడం జరిగే పని కాదు. అయితే గౌట్‌కు నిపుణుడే కావాలన్న అభిప్రాయాన్ని 2018లో లాన్సెట్‌లో వచ్చిన నాటింగ్‌హామ్ ప్రయోగం దెబ్బతీసింది. 517 మంది రోగుల్లో సగం మందిని శిక్షణ పొందిన నర్సులకు, సగం మందిని మామూలు కుటుంబ వైద్యులకు అప్పగించారు. నర్సులు జబ్బు ఏమిటో వివరించారు, మందు పెంచుతూ వెళ్లారు. రెండేళ్ల తర్వాత నర్సుల వైపు 95 శాతం మందికి యూరిక్ యాసిడ్ లక్ష్యానికి దిగింది, వైద్యుల వైపు 30 శాతానికే. రెండో ఏడాదిలో రెండు లేదా అంతకుమించి అటాక్‌లు వచ్చినవారు నర్సుల వైపు 8 శాతం, వైద్యుల వైపు 24 శాతం. రెండు వైపులా అందుబాటులో ఉన్న మందులు అవే. తేడా అంతా మాట్లాడే సమయంలో, మోతాదు పెంచడంలో ఉంది.

బ్రిటన్ నర్సుకు ఉన్న అధికారం మన దగ్గర లేదు. కానీ తెలంగాణ పల్లె దవాఖానాలో, ఆంధ్ర విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఇప్పటికే ఒక మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది ఉన్నారు. ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ చూసి, పీహెచ్‌సీ డాక్టరు రాసిన మందు నెలనెలా ఇచ్చే పని వాళ్లదే. గౌట్ నిర్ధారణ, మొదటి మాత్ర డాక్టరు చేతిలో ఉంచి, ఆ తర్వాతి నెలల్లో దద్దురు వచ్చిందా, యూరిక్ యాసిడ్ ఎంత, క్రియాటినిన్ ఎంత, ఈ నెల నొప్పి బిళ్లలు ఎన్ని మింగారు అన్న నాలుగు ప్రశ్నలు వాళ్లు అడగవచ్చు. మోతాదు మార్పును ఫోన్‌లో డాక్టరే చెప్పవచ్చు. మందులు జాతీయ జాబితాలో ఉన్నవే. బీపీ రీడింగ్ రాసే రిజిస్టర్‌లో ఇంకో రెండు గడులు గీయడానికి కొత్త పథకం అక్కర్లేదు, ఆరోగ్య శాఖ సర్క్యులర్ ఒకటి చాలు.